సన్ననడుము దూలం

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడని మనలో ఒక తిట్టు ఉన్నది. ఆ తిట్టుకు నేను అక్షరాలా అర్హుణ్ణి. ఎవరింట భోజనానికి కూర్చున్నా విస్తట్లో పదార్థం పడేలోపు నా చూపు ఇంటి కప్పు మీదికి పోతుంది. మా ఇంట్లోవాళ్ళు మోచేత్తో పొడిచి తల దించమంటారు. ఈ దురలవాటు ఇరవై ఏళ్ళ పైబడినది. దాని కారణం చివరికి చెబుతాను.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో (2022కు ముందటి పాత జిల్లాలే నా ఉద్దేశం) తల పైకెత్తి తిరిగినవాడికి ఒక చరిత్ర పుస్తకం చదివినంత లాభం. పాత పెంకుటిళ్ళలో తాటి దూలాలు, తాటి వాసాలు. కాస్త కలిగినవారి మిద్దెల్లో టేకు దూలాల మీద దంతెలు, వాటిపై ఇటుకా సున్నమూ. పల్నాటి వైపు పోతే నాపరాళ్ళ కప్పు. రైలు వచ్చిన తరువాతి కాలపు ఇళ్ళలో కొన్నిచోట్ల సాక్షాత్తు రైలు పట్టాలే దూలాలు. ఇక ఇప్పుడు గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు దాకా రోడ్డుకు ఇరువైపులా వరసగా పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, గోదాములు. వాటన్నిటి నెత్తినా ఇనుము. ఆ ఇనుములో అడుగడుగునా కనబడేది ఇంగ్లీషు 'ఐ' అక్షరం: పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, రెంటినీ కలుపుతూ నిలువునా ఒక సన్నటి పలక. మన మేస్త్రీలు గర్డరంటారు, ఐ సెక్షనంటారు.

ఆ నడుము అంత సన్నగా ఎందుకు? నిండుగా, దిమ్మలాగా ఎందుకు పోయలేదు? నేను అడిగిన పదిమందిలో ఎనమండుగురు చెప్పిన సమాధానం ఒకటే: "ఇనుము మిగులుద్దని." అది నిజమే, కాని సగం నిజం. నడుము సన్నబడటం వల్ల బలం తగ్గింది, డబ్బు మిగిలింది, ఏదో సర్దుకుపోదామన్న ధోరణి ఆ సమాధానంలో ఉన్నది. నా వాదమల్లా ఈ ధోరణితోనే.

వేపచెట్టు దగ్గరకు వెళ్ళి చిటికెనవేలంత పచ్చి పుల్ల ఒకటి విరవండి. విరిచే ముందు రెండు కొసలూ పట్టుకొని మెల్లగా వంచి చూడండి. వంపుకు బయటి వైపున బెరడు సాగి, సాగలేక పగులుతుంది. లోపలి వైపున నొక్కుకుపోయి ముడతలు పడుతుంది. మధ్యనున్న మెత్తని దవ్వకు మాత్రం ఈ గొడవే పట్టదు. అది సాగనూ సాగదు, ముడుచుకోనూ ముడుచుకోదు. దూలం సంగతీ ఇంతే. మీద బరువు పడగానే అది కంటికి కనబడనంతగా కిందికి వంగుతుంది. అప్పుడు పై అంచు నొక్కుడుకు లోనవుతుంది, కింది అంచు లాగుడుకు లోనవుతుంది, నడిమి పదార్థం దాదాపు ఊరికే ఉంటుంది. పని చేసేవి అంచులు, కూర్చుని తినేది నడుము. కనుక ఉన్న ఇనుమును పైకీ కిందికీ పంపి, ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచడానికి ఎంత కావాలో అంతే నడుమ ఉంచారు. 'ఐ' ఆకారమంటే అదే.

అయితే నడిమి పలక ఉత్త సోమరి అని కూడా అనరాదు. రెండు రెక్కలూ ఒకదానిమీద ఒకటి జారిపోకుండా కలిపి ఉంచేది అదే. గోడల మీద దూలం ఆనే చోట కోతలాంటి ఒత్తిడిని మోసేదీ ఎక్కువగా అదే. పలకను మరీ పలచన చేస్తే కాగితంలా చుట్టుకుపోతుంది. అందుకనే దానికీ ఒక హద్దు ఉన్నది.

లెక్క లేకుండా మాట నమ్మనివారి కోసం ఒక లెక్క. మన దేశంలో అందరూ వాడే 200 మిల్లీమీటర్ల ఐ సెక్షను తీసుకుందాం. ఎత్తు 200, రెక్క వెడల్పు 100, మీటరుకు సుమారు 25 కిలోలు. అదే 25 కిలోల ఉక్కును చదరపు దిమ్మగా పోస్తే 57 మిల్లీమీటర్ల భుజం వస్తుంది. రెండూ ఒకే బరువు, రెండింటికీ ఒకే డబ్బు. కాని ఐ సెక్షను ఆ దిమ్మకన్నా ఏడు రెట్లు ఎక్కువ బరువు మోస్తుంది. వంగకుండా నిలవడంలో దిమ్మకన్నా పాతిక రెట్లు మేలు. పదార్థంలో ఆవగింజంత తేడా లేదు, ఉన్న తేడా అంతా అమరికది. ఇప్పుడు చెప్పండి, నడుము సన్నబడటం వల్ల బలం తగ్గిందా, పెరిగిందా?

ఇంకొక లెక్క. అదే ఐ సెక్షనును పక్కకు పడుకోబెట్టి, అంటే రెక్కలు గోడల్లా నిలబడేట్టు వేశామనుకోండి. దాని బిగువు పదిహేనో వంతుకు పడిపోతుంది. "అట్లా ఎవరు వేస్తారండీ" అనకండి. షట్టరు పైన తొమ్మిదంగుళాల గోడ లేపాలి, గర్డరు రెక్క చూస్తే నాలుగంగుళాలే. అందుకని గోడ ఆనడానికి చోటు చాలదని 200 సెక్షనును వెల్లకిలా పడుకోబెట్టిన మేస్త్రీలను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. రెండు గర్డర్లు పక్కపక్కన నిలబెట్టాల్సిన చోట ఒక్కదాన్ని పడుకోబెడతారు. పైగా అది దోనెలా నోరు తెరుచుకొని ఉంటుంది కనుక వాననీరూ దుమ్మూ అందులో చేరతాయి. బాపట్ల, చీరాల వంటి ఉప్పుగాలి ఊళ్ళలో దాని ఆయువు ఎంతని?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏమిటంటే, ఈ విద్య మనకు పరాయిది కాదు. తాటిచెట్టును చూడండి. తుమ్మకైనా టేకుకైనా చేవ నడుమ ఉంటుంది. తాటికి తద్విరుద్ధం: నల్లటి చేవ అంతా బయట, లోపల మెత్తటి నార. సముద్రపు గాలికి ఊగిఊగి నిలవాల్సిన చెట్టు బలాన్ని అంచున పెట్టుకున్నది. మన వడ్రంగులు ఆ సంగతి పుస్తకాలు లేకుండానే గ్రహించారు. మానును నిలువునా చీల్చి, లోపలి మెత్తదనాన్ని చెక్కి పారేసి, చేవ మిగిలిన బద్దను వెడల్పు కిందికి కాకుండా ఎత్తు నిలువుగా ఉండేట్టు గోడల మీద ఎక్కించారు. చెక్కిన లోపలి భాగం పోయిందని ఎవరూ దిగులు పడలేదు. బడికి వెళ్ళే పిల్లవాడికి కూడా తెలుసు, చెక్క స్కేలు బల్లపరుపుగా పట్టుకుంటే వంగుతుంది, అంచు మీద నిలబెడితే వంగదు. గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఇదే పరిశీలన చేశాడు. ఎత్తు రెట్టింపయితే మోసే శక్తి నాలుగింతలు, బిగువు ఎనిమిదింతలు అని తరువాతివారు సూత్రం కట్టారు. మా ఊరి వడ్రంగి తాత ఆ సూత్రం వినలేదు. కాని దూలాన్ని ఒక్కసారి కూడా అడ్డంగా వేయలేదు.

చెక్కతో పని చేసేవాడు ఆకారాన్ని తానే చెక్కాలి కనుక ఆకారం గురించి ఆలోచించేవాడు. ఇనుము దుకాణం నుంచి తయారై వస్తుంది. ఆకారం ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టేశారు. మనం చేయాల్సింది కాటా మీద తూచి డబ్బు కట్టడమే. ఆలోచన అక్కడ పోయిందని నా అనుమానం. గుంటూరులో ఏ ఇనుము కొట్టు ముందైనా అరగంట నిలబడి వినండి. "కిలో ఎంత?" "మొత్తం ఎన్ని కిలోలవుద్ది?" ఈ రెండు ప్రశ్నలే. ఎంత దూరానికి వేస్తున్నారు, మీద ఏం పడుతుంది అని కొనేవాడు చెప్పడు, అమ్మేవాడు అడగడు. మిర్చి టిక్కీని తూచినట్టే గర్డరునూ తూస్తారు. టిక్కీలోనైనా రంగు చూస్తారు, తొడిమ చూస్తారు, చేత్తో నలిపి ఘాటు చూస్తారు. ఇనుముకు ఆ పాటి మర్యాద కూడా లేదు.

బరువే బలమన్న భ్రమకు గొప్ప ఉదాహరణ రైలు పట్టా. ఇప్పటికీ కొందరు పాత పట్టా దొరికిందంటే నిధి దొరికినట్టు సంబరపడతారు. "రైలునే మోసింది, మన మిద్దెను మోయదా?" అంటారు. వినడానికి ఎంత బాగుంది! కాని పట్టా రైలును మోసింది అడుగడుగునా కింద స్లీపరు ఉండగా. దాని తల అంత లావుగా ఉన్నది వంపును తట్టుకోవడానికి మాత్రమే కాదు, చక్రం రాపిడికి ఏళ్ళ తరబడి అరిగినా మిగలడానికి. ఒకప్పుడు విరివిగా వాడిన, గజానికి 90 పౌన్ల పట్టా మీటరుకు 44 కిలోల పైచిలుకు తూగుతుంది. ఎత్తు 143 మిల్లీమీటర్లే. పైన చెప్పిన 200 ఐ సెక్షను దానిలో సుమారు సగం బరువే ఉండి, బిగువులో దానికన్నా నలభై శాతం ఎక్కువ. పైగా పట్టా ఉక్కులో కర్బనం హెచ్చు. వెల్డింగు పెడితే ఆ చోట పెళుసెక్కుతుంది. అరిగి, పగుళ్ళు పట్టి తీసేసిన పట్టాలో లోపం ఎక్కడ దాక్కుని ఉందో పైనుంచి కనబడదు. వెనుకటి వాళ్ళు వేశారంటే వేరే దూలం దొరకక, పట్టా చవకగా దొరికి వేశారు. వాళ్ళను తప్పుపట్టను. ఇప్పుడు వెతికి తెచ్చి వేసేవాళ్ళ మీదనే నా కోపం.

"పోనీ, ఎక్కువ బరువు వేస్తే నష్టమేమిటి? గట్టిగానే ఉంటుంది గదా!" అని అడిగినవారున్నారు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. ఆ కదలిక లేని లోతుదాకా పునాది దింపడానికి అయ్యే ఖర్చు కట్టినవాడికే తెలుసు. దూలం ఆకారం సరిగా ఎంచుకుంటే ఎక్కువ దూరం దాటుతుంది, మధ్యలో స్తంభాలు తగ్గుతాయి, స్తంభానికొక గుంత తగ్గుతుంది. లారీ లోపలికి వచ్చి తిరగడానికి చోటూ మిగులుతుంది. ఇంకా దూరం దాటాలంటే నడిమి పలకనే తొలిచి, ఏటవాలు కమ్ములు మాత్రం మిగుల్చుకోవచ్చు. మన మిల్లుల మీది ట్రస్సు అదే, 1974లో రాజమండ్రి వద్ద తెరిచిన రోడ్డు-రైలు వంతెనలో కనబడేదీ అదే. తాటి బద్ద మొదలుకొని గోదావరి వంతెన దాకా ఒకటే ఆలోచన.

ఈ ఆకారానికి లోపాలు లేవని నేను అనను. రెండు చెప్పుకోవాలి, రెండూ మన ప్రాంతానికి ప్రాణసంకటమైనవే.

ఒకటి గాలి. పై రెక్క నొక్కుడులో ఉంటుందన్నాను గదా. నొక్కుకుపోయే సన్నటి వస్తువేదైనా పక్కకు తప్పుకోవాలని చూస్తుంది. మామూలు రోజుల్లో రేకులూ వాటి కింది పర్లిన్లూ పై రెక్కను పక్కలకు పట్టి ఉంచుతాయి కనుక ఇబ్బంది లేదు. తుపాను నాడు కథ తిరగబడుతుంది. రేకుల కప్పు మీదుగా పోయే గాలి దాన్ని కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. అప్పుడు దూలం పైకి వంగుతుంది. నొక్కుడు కింది రెక్కకు వస్తుంది. దాన్ని పట్టి ఉంచే నాథుడు ఎవడూ లేడు. అది పక్కకు మెలితిరిగితే దూలం మొత్తం పడగొట్టిన ఆంబోతులా ఒరిగిపోతుంది. కింది రెక్కకు అక్కడక్కడా ఒక చిన్న యాంగిలరు ముక్కతో ఆధారం ఇస్తే చాలు, కాని అది డ్రాయింగులో ఉన్నా పనిలో ఎగిరిపోతుంది. 1977 నవంబరు 19ని చూసిన తీరం ఇది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటినదీ బాపట్ల దగ్గరే. ఇక్కడ షెడ్డు వేసేవాడు బరువు ఒక్కటే లెక్కేసుకుంటే కుదరదు.

రెండోది నిప్పు. ఇందులో ఒక చేదు చమత్కారం ఉన్నది. ఇనుప దూలం ఇంగ్లండులో మొదట చేరింది బట్టల మిల్లుల్లోకే. నూలు ధూళికీ దీపపు నూనెకూ చెక్క అంతస్తులు తగలబడి పోతుంటే, మండని దూలం కావాలని పోత ఇనుము తెచ్చారు. 1797లో ష్రూస్‌బరీలో కట్టిన అవిసెనార మిల్లు మొత్తం ఇనుప చట్రంతో లేచిన తొలి కట్టడంగా పేరు పొందింది. పోత ఇనుము నొక్కుడుకు ఓర్చినంతగా లాగుడుకు ఓర్వదు గనుక అప్పటి దూలాలకు కింది రెక్కను పెద్దదిగా చేసేవారు. పంతొమ్మిదో శతాబ్ది నడిమికి వచ్చాక, ఎర్రగా కాల్చిన ఒకే ముద్దను రోలర్ల మధ్య నడిపి 'ఐ'ని లాగడం యూరపులో సాధ్యమైంది. తరువాత ఉక్కు వచ్చి రెక్కలు రెండూ సమానమయ్యాయి. అంటే మనం చూసే ఈ దూలానికి పుట్టిల్లు పత్తి మిల్లు వంటిదే, పుట్టుకకు కారణం నిప్పే. అయినా ఒంటి మీద పూత లేని ఉక్కు 550, 600 డిగ్రీల వేడికి తన బలంలో సగం పోగొట్టుకుంటుంది. పత్తి బేళ్ళు అంటుకుంటే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. నడుము సన్నగా, ఒళ్ళంతా గాలికి తెరిచి ఉన్న ఆకారం దిమ్మకన్నా త్వరగా కాగుతుంది. లావు టేకు దూలం పైన బొగ్గయినా లోపల కొంతసేపు నిలుస్తుంది. ఇనుము మండదు కనుక భయం లేదనుకునే యజమానులకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

ఈ రాష్ట్రంలో ఉక్కు కోసం జనం ప్రాణాలిచ్చారు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని లేచిన ఉద్యమంలో 32 మంది చనిపోయారని చెప్పుకుంటాం; నిరాహారదీక్షకు కూర్చున్న అమృతరావుగారు మన గుంటూరు జిల్లావారే. 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో యాంగిలర్లు, ఛానెళ్ళు, దూలాలు చుట్టే మిల్లు ఒకటి ఉన్నది. అంత పోరాడి తెచ్చుకున్న వస్తువును ఎట్లా వాడాలో వెల్డరుకు నేర్పే ఏర్పాటు మాత్రం మనకు లేదు. ఐ.టి.ఐ.లలో అతుకు పెట్టడం నేర్పుతారు. ఏ అతుకు ఎక్కడ పెట్టకూడదో, ఏ రెక్కను ఎక్కడ ముట్టకూడదో ఒక్క వారం చెప్పినా ఎన్నో కప్పులు నిలుస్తాయి. కొట్టులో కిలో ధర రాసే పలక మీదే ఏ సెక్షను ఎంత దూరానికి ఎంత మోస్తుందో నాలుగు వరసలు రాసిపెట్టవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇక నా దురలవాటుకు కారణం. నేను ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉండగా మా బాబాయి మిర్చి గోదాము కట్టించాడు. ముందు షట్టరు మీద ఐ గర్డరు, దాని మీద గోడ, గోడలోంచి లోపలికి నాపరాళ్ళ అటక. పని చివరికొచ్చాక, వాననీటిని వీధి కాలువలోకి పంపే మూడంగుళాల గొట్టానికి ఆ గర్డరు అడ్డు వచ్చింది. మేస్త్రీ గ్యాసు కట్టరు తెప్పించాడు. సరిగ్గా నడిమధ్యన, కింది రెక్కను జానెడు మేర కోసేయమన్నాడు. బాబాయి సందేహంగా చూశాడు.

"అంత లావు గర్డరు, జానెడు ముక్క తీస్తే ఏమవుద్ది సామీ!"

"సరే, కానియ్."

నేను అక్కడే ఉన్నాను. ఆ నెలలోనే పరీక్షలో దూలం బొమ్మ గీసి, లాగుడు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది నడిమధ్య కింది అంచులో అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. బెత్తెడు పైన, నడిమి పలకలో గుండ్రటి రంధ్రం చేసి ఉంటే ఆ దూలానికి దాదాపు ఏమీ అయ్యేది కాదు. అంతా తెలుసు. పెద్దవాళ్ళ మధ్య నోరెత్తడం మర్యాద కాదనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, తప్పయితే నవ్వుతారని భయపడ్డాను.

తరువాతి వేసవిలో ధర లేదని అటక నిండా టిక్కీలు వేశారు. గర్డరు విరగలేదు. కోసిన మూల నుంచి చీలిక పైకి పాకి, దూలం మెల్లగా కుంగి, నాపరాళ్ళు రెండు జారాయి. కింద ఒక హమాలీ ఉన్నాడు. ప్రాణం దక్కింది, కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. వైద్యం ఖర్చు బాబాయే పెట్టుకున్నాడు. మేస్త్రీ ఇనుములో నాణ్యం లేదన్నాడు. అందరూ తలూపారు, నేను కూడా.

ఇప్పుడక్కడ రెండు గర్డర్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. గొట్టం గోడ చుట్టూ తిరిగి పోతుంది. ఆ హమాలీ బరువులు మోయలేక ఆ గోదాముకే కాపలాగా ఉన్నాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు షట్టరు కింద నిలబడి పైకి చూస్తున్నాను. కర్ర ఆనించుకుంటూ వచ్చి ఆయనా పైకి చూశాడు.

"దీన్నెవురూ కొయ్యలేదు గదా బాబూ?"

లేదన్నాను. అయినా ఆయన కుర్చీ మాత్రం షట్టరుకు నాలుగడుగుల అవతల, ఆరుబయటే వేసుకున్నాడు.